పేరొక యంగడిలో, ఇల్లొక యంగడిలో

మా యిందూరులోను, బోధను చుట్టుపట్ల గ్రామములలోను ఇంటిపట్టుననే యుండి యేదో యొక సరకు తయారుచేసి యమ్ముకొను స్త్రీలు మాకు తెలిసినవారే పలువురు గలరు. పసుపు దంచి పొట్లములు కట్టువారు కొందరు; సకినాలు, గరిజెలు చేసి పట్టణములకు పంపువారు కొందరు; బెల్లము పొడిచేసి సీసాల కెత్తువారు కొందరు. వీరిలో చదువు వచ్చిన వారు తరచుగా మమ్మడుగు ప్రశ్న యొక్కటే. “పేరు కొన్నాము. వెబ్‌సైటు వేరొకచోట కట్టుకొన్నాము. ఈ రెంటిని కలుపుట యెట్లు?” అని. పేరనగా డొమైను. ఇల్లనగా వెబ్‌సైటు. ఈ రెండును ఒకే యంగడిలో దొరకవలెనను నియమము లేదు. పేరొకచోట చవుకగా దొరకును. ఇల్లు కట్టియిచ్చు సంస్థ వేరొకటి యుండును. ఎవరి చోట వారు తమ పని ముగిసిన దందురు. నడుమ నున్న త్రోవ వేయువాడు మాత్రము కానరాడు. ఆ త్రోవ వేయుటలో మా పుట్టినింటివారికి కలిగిన యనుభవమును ఇందు వ్రాయుచున్నాము.

మా పుట్టినిల్లు బోధనులోని శక్కర్‌నగరు. మంజీరా నదిపై 1931లో నిజాంసాగరము పూర్తియైన పిమ్మట ఆ నీటితో చెరకు పండింపవచ్చునని 1937లో అక్కడ నిజాం చక్కెర కర్మాగారమును నెలకొల్పిరి. దాని చుట్టును వెలసిన పేటయే శక్కర్‌నగరు. ఆ కర్మాగారము ఆసియాఖండములోనే మిక్కిలి పెద్దదని పేరొందినది. మా నాయనగారును, వారి వెనుక మా యన్నగారును అందులోనే పనిచేసిరి. గానుగాట దినములలో ఊరంతయు కమ్మని మడ్డివాసన కమ్ముకొనుట, రాత్రివేళ కూత వినబడినంతనే మా తల్లిగారు పొయ్యి రాజేయుట, యివన్నియు మాకు నిన్నమొన్నటివలె జ్ఞాపకము. 2002లో కర్మాగారము ప్రభుత్వము చేతినుండి ఉమ్మడి సంస్థ చేతికి మారినది. 2015 డిసెంబరులో మూతపడినది. నేడు శక్కర్‌నగరను పేరున్నది గాని చక్కెర లేదు. పేరుండి లోన నేమియు లేకుండుట యెట్టిదో మా వారికి ఎవరును బోధింప నక్కరలేదు.

జీతము నిలిచిపోయిన పిదప ఇంటి భారము మా వదినెగారిపై బడినది. ఆమె చదివినది పదవ తరగతి వరకే. చేతిలో పని యున్నది. మొదట సంక్రాంతికి సకినాలు చేసి ఇందూరులోని రెండు మూడు ఇండ్ల కిచ్చిరి. ఆ యిండ్లవారి బంధువులు హైదరాబాదు నుండి అడిగిరి. తరువాత ఆర్మూరు రైతులయొద్ద పసుపుకొమ్ములు కొని పొడి పట్టించి పంపసాగిరి. పిమ్మట ఊరి గానుగ బెల్లము. గల్ఫుదేశములలో నున్న మా ప్రాంతపు యువకులు ఊళ్లోని తల్లులకు, భార్యలకు పండుగ సరకు చేర్చుమని అక్కడనుండియే ఈ-మెయిలు వ్రాసి డబ్బు పంపుచుందురు. అది వదినెగారి వ్యాపారములో సగపాలు. ఈ విషయమును చదువరులు గుర్తుంచుకొనవలెను, ముందు పనికివచ్చును.

2022లో మా యూరి కుఱ్ఱవా డొకడు ఆమెకొక చిన్న వెబ్‌సైటు చేసిపెట్టి, పేరును కూడ తానే కొనియిచ్చెను. ఆ పేరుతోనే ఈ-మెయిలు పెట్టె నేర్పరచెను. రెండేండ్లు గడచునప్పటికి ఆ వెబ్‌సైటు పాతబడినది. ధర మార్చవలెనన్నను వానినే అడుగవలసి వచ్చెను. అంతలో వాడు మస్కటు పోయెను. అందుచే మా అమ్మాయి 2024 కార్తికములో వేరొక సంస్థవారి సాధనముతో క్రొత్త వెబ్‌సైటు కట్టినది. ఇటుకలు పేర్చినట్లు బొమ్మలు, ధరలు, వివరములు పేర్చుకొనుటయే గాని కోడు వ్రాయుట అక్కరలేనిది. ఇల్లు చక్కగా కుదిరినది. కాని దానికి ఆ సంస్థ యిచ్చిన చిరునామా బారెడు పొడవు. అందులో సగము ఆ సంస్థవారి పేరే! వదినెగారు అంతకుముందే రెండువేల లేబుళ్లపై తన పేరు అచ్చువేయించి యుండిరి. అవి పారవేయుటకు మనసొప్పునా? అంతేగాక, రేపు ఈ సంస్థవా రద్దె పెంచినచో వేరొకచోటికి పోవచ్చును. పేరు మనదైనచో కొనువారి కది తెలియనే తెలియదు. ఊరిలో ఇల్లు మారినను తపాలవాడు మనపేరు చూచి ఉత్తరము తెచ్చియిచ్చుచున్నాడు గదా!

పనికి పూనుకొనకముందు ఈ పేర్ల యేర్పాటు కొంచెము తెలిసికొనుట మంచిది. కంప్యూటర్లు ఒకదానినొకటి పిలుచుకొనునది అంకెలతో. మనుష్యులకు అంకెలు గుర్తుండవు గనుక పేర్లు పుట్టినవి. మొదటి దినములలో అమెరికాలో ఏ పేరునకు ఏ అంకెయో తెలుపు జాబితా యొక్కటే యుండెడిది. దానిని స్టాన్‌ఫర్డు పరిశోధనాలయములో నడిపినది ఎలిజబెత్ ఫైన్లర్ అను స్త్రీ. రసాయనశాస్త్రము చదివిన యామె 1972 మొదలు 1989 వరకు ఆ సమాచార కేంద్రమునకు పెద్దగా నుండెను. ఎవరైన క్రొత్త యంత్రము పెట్టుకొన్నచో ఆ కేంద్రమునకు తెలిపి పేరు వ్రాయించుకొనవలెను. పేరు చివర నేడు మనము చూచు డాట్ కామ్, డాట్ ఆర్గ్ వంటి విభాగములు ఏర్పడుటలో ఆమె బృందమునకు ముఖ్యమైన పాత్ర కలదు. యంత్రములు పెరిగి ఒక్క జాబితా చాలకపోగా 1983లో పాల్ మొకపెట్రిస్ అను నతడు నేటి పద్ధతిని కల్పించెను. దానికే డీయెన్నెస్ అని పేరు. ఒక్క పెద్ద పుస్తకమునకు మారుగా ఎవరి పేరునకు వారి కొక చిన్న పుస్తకము. ఆ పుస్తకము ఏ నేమ్‌సర్వరు చేత నున్నదో మాత్రము పైవారు చెప్పుదురు. ఇంటిలో పద్దుపుస్తకము నడుపు మనకు ఇది వింతగా తోచదు. ఆ పుస్తకములోని పంక్తులనే రికార్డులందురు.

కలుపుట యనగా ఈ పుస్తకమును సరిచేయుటయే. అయితే పుస్తకము తెరువవలె నన్న తాళము కావలెను గదా! ఇక్కడనే మాకు మొదటి దెబ్బ తగిలినది. పేరు అమ్మిన సంస్థవారి పుస్తకములో యజమాని స్థానమున వదినెగారి పేరు లేదు; మస్కటు పోయిన కుఱ్ఱవాని పేరు, వాని ఈ-మెయిలు, వాడు వదలిపెట్టిన పాత ఫోను నంబరు ఉన్నవి. వాడు మోసగాడని కాదు. తొందరలో తన వివరములే వ్రాసికొనెను. కాని చట్టము దృష్టిలో, యంత్రము దృష్టిలో పేరు వానిది. గడువు తీరుటకు పదునొకండు దినములే యున్నవి. గడువు మరపించు హెచ్చరికలన్నియు వాని పెట్టెకే పోవుచున్నవి. పేరు జారిపోయినచో రెండువేల లేబుళ్లు సరి, ఆ పేరునే నమ్ముకొని తొమ్మిదేండ్లు కష్టపడిన మనిషి గతి యేమి? ఆ రాత్రి వదినెగారు అన్నము ముట్టలేదు. “ఫ్యాక్టరీ పోయిననాడు మీ యన్నగా రిట్లే కూర్చుండిరి, వదినా” అని మాత్రము మాతో ననిరి.

అదృష్టవశమున ఆ కుఱ్ఱవాని తల్లి మా వీధిలోనే బీడీలు చుట్టుకొనుచుండును. ఆమెద్వారా వానిని పట్టుకొంటిమి. వాడు మంచివాడే. పాత నంబరు చెల్లకపోయినను ఈ-మెయిలు వాని చేతిలోనే యుండుటచే, మరచిన సంకేతపదమును దానిమూలముగా మార్చుకొని మాకు తెలిపెను. మేము వెంటనే చేసిన పనులు రెండు. యజమాని పేరు, ఈ-మెయిలు, ఫోను వదినెగారివిగా మార్చుట. మూడేండ్లకు రుసుము చెల్లించుట. యజమాని వివరములు మార్చినప్పుడు ధ్రువపరచుమని ఈ-మెయిలు వచ్చును. దానిని తెరచి ఒప్పుకొననిచో కొన్ని దినములలో పేరే పనిచేయకుండ ఆపివేయుదురు. డాట్ కామ్ వంటి పేర్లకు ఆ గడువు పదునైదు దినములు. మరియొక సంగతి. ఒక పేరును ఒకేసారి పదియేండ్లకు మించి కొనుటకు వీలులేదు. “జీవితాంతము మీదే” యని ఎవరైన ఫోనులో చెప్పినచో ఆ ఫోను పెట్టివేయుడు.

ఇక కలుపుట. దీనికి త్రోవలు రెండు. మొత్తము పుస్తకమునే క్రొత్త యింటివారి చేతి కప్పగించుట యొకటి. దీనినే నేమ్‌సర్వర్లు మార్చుట యందురు. పుస్తకము పాతచోటనే యుంచి అందులో రెండు మూడు పంక్తులు మాత్రము మార్చుట రెండవది. మే మొక సహాయకేంద్రమునకు ఫోను చేయగా అచటి యువకుడు మొదటి త్రోవనే పట్టుమనెను, రెండు నిమిషముల పని యనెను. అది నిజమే. కాని “అటులైన మా యుత్తరము లెక్కడికి పోవును?” అని మే మడిగితిమి. అతడు కొంత తడవు పలుకలేదు. ఏలయన ఉత్తరములు ఏ పెట్టెకు చేరవలెనో తెలుపు ఎమ్మెక్స్ రికార్డులును ఆ పుస్తకములోనే యుండును. పుస్తకము మారినచో క్రొత్త పుస్తకములో ఆ పంక్తులు మరల వ్రాసినగాని ఉత్తరములు రావు. మస్కటునుండి, దుబాయినుండి వచ్చు ఆర్డర్లు పండుగ ముందర గాలిలో కలిసిపోవును. వెబ్‌సైటు మాత్రము చక్కగా కనబడుచుండును గనుక లోపము మనకు తెలియనే తెలియదు! క్రొత్తగా పేరు కొని ఉత్తరముల బాధ లేనివారు మొదటి త్రోవను పోవచ్చును. ఆ పేరుతో ఈ-మెయిలు నడుపుచున్నవారు రెండవదానిని పట్టుటయే క్షేమమని మా యభిప్రాయము.

రెండవ త్రోవలో పని యిది. ముందుగా ఇల్లు కట్టిన సంస్థవారి తెరపై మన పేరు ఇదియని తెలుపవలెను. ఇది చాలమంది మరచెదరు. ఆ సంస్థవారి ఒక్క అంకెల చిరునామాలో వేలకొలది వెబ్‌సైట్లు కాపురముండును. పెద్ద వాడకు ఒక్కటే సింహద్వార మున్నట్లు. ద్వారపాలకుడు “ఎవరి యింటికి వచ్చితి?” రని యడుగును. మన పేరు వాని జాబితాలో లేనిచో ఎంత చక్కని త్రోవ వేసినను లోనికి పోనీయడు. పేరు చెప్పినంతనే వారు మనకు కొన్ని మాట లిత్తురు. వానిని పుస్తకములో నెక్కింపవలెను. ఉత్త పేరునకు ఏ రికార్డు, అందులో అంకెలు. ముందు డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ చేర్చిన పేరునకు సీనేము రికార్డు. అందులో అంకెలు గాక ఆ సంస్థవారి మరియొక పేరు. “ఇతడే యతడు, అంకె యతని నడుగు” మని దాని యర్థము. ఉత్త పేరునకు సీనేము ఏల పెట్టరాదని మా అమ్మాయి నడిగితిమి. సీనేము ఉన్నచోట వేరే పంక్తి యేదియు నుండరాదట. ఉత్త పేరునకో నేమ్‌సర్వరు పంక్తులు, ఉత్తరముల పంక్తులు తప్పక యుండును. ఒక ఒరలో రెండు కత్తు లిముడునా? పేరు మనదేయని నిరూపించుటకు కొందరు టెక్స్ట్ రికార్డు కూడ అడుగుదురు; అందు వారిచ్చిన అక్షరముల మూటను మార్పులేకుండ పెట్టవలెను.

కొన్ని తెరలపై పంక్తి పేరు వ్రాయు గడిలో మూడు డబ్ల్యూలు మాత్రమే వ్రాయవలెను. పూర్తి పేరు వ్రాసినచో అది తనంతట మరల పేరు చేర్చి ఇంటిపేరు రెండుసార్లు వ్రాసినట్లగును. ఇది చిన్న సంగతియే గాని మా యెరుకలో దీనివలన ఇద్దరు వారము దినములు తలపట్టుకొనిరి.

మార్పు చేసిన తరువాత “నలుబదియెనిమిది గంటలు ఓపిక పట్టుడు, లోకమంతట వ్యాపింపవలెను” అని అందరు చెప్పుదురు. ఏదియు వ్యాపించుట లేదు. మన పంక్తిని ఒకసారి చూచినవారు దానిని చీటీపై వ్రాసికొని కొంతకాలము ఆ చీటీతోనే పని గడుపుకొందురు. ఎంతకాలమో ఆ పంక్తిలోనే సెకండ్లలో వ్రాసియుండును; 3600 అనగా గంట, 86400 అనగా ఒక దినము. పాత చీటీలు చెల్లిపోవువరకు ఆగుటయే ఈ నిరీక్షణ. అందుచే మేము ముందుదినముననే ఆ కాలమును అయిదు నిమిషములకు తగ్గించి, మరునాడు మార్పు చేసితిమి. పులుసు దింపబోవు ముందు మంట తగ్గించుట మన మెరుగనిదా?

ఇంత జాగ్రత్త చేసినను ఒక చిక్కు వచ్చినది. ఇందూరులోని మా యింట తెరచి చూడగా క్రొత్త వెబ్‌సైటు వచ్చినది. సంతోషముతో బోధనునకు ఫోను చేసితిమి. వదినెగారి ఫోనులో పేరమ్మిన సంస్థవారి ప్రకటనల పుట కనబడుచున్నదట! సుమారు ఇరువదియైదు కిలోమీటర్ల దూరములో ఒక్క పేరు రెండిండ్లు చూపుచున్నది. గంట గడచెను, పూట గడచెను, మరునాడును అంతియే. “వదినా! నా దుకాణమునకు రెండు మొగములున్నవా యేమి?” అని ఆమె. మా యన్నగారి కిది గ్రహచార మనిపించినది.

మా అమ్మాయి మా ఫోనునే వైఫై తీసి చూడగా దానిలోను పాతపుటయే వచ్చినది. భేదము ఊరిది కాదు, తీగది. అంకెల చిరునామాలు రెండు తరములవి కలవు. పాతతరపువి నాలుగు గుంపుల అంకెలు. క్రొత్తతరపువి అక్షరములు కూడ కలిసి మిక్కిలి పొడవైనవి. పాతవానికి ఏ రికార్డు, క్రొత్తవానికి ఏఏఏఏ రికార్డు. మన దేశములో సెల్‌ఫోను సంస్థలు క్రొత్తతరపు చిరునామాలను విరివిగా వాడుచున్నవి. మా యింటి బ్రాడ్‌బ్యాండు పాతతరముది. మేము ఏ రికార్డు మార్చితిమి. పేరమ్మినవారు తమ ప్రకటన పుటకై ముందే వ్రాసిపెట్టిన ఏఏఏఏ పంక్తి యొకటి పుస్తకము చివర నక్కియుండెను. సహాయపుటలలో దాని మాటయే లేదు. ఫోను దానిని చూచి పాతయింటికి పోవుచుండెను. ఆ పంక్తిని చెరిపివేసినంతనే గంటలో బోధనులోను క్రొత్త యిల్లు వెలసినది. మీ వెబ్‌సైటు ఇంట కనబడి ఫోనులో కనబడనిచో మొదట దీనిని వెదకుడు.

దానితోనే రెండవ చిక్కును విడినది. పేరు ప్రక్కన కనబడు తాళముగుర్తు, అనగా సురక్షితమను ధ్రువపత్రము, అంతవరకు రానేలేదు. “ఈ చోటు సురక్షితము కాదు” అను హెచ్చరిక చూచి డబ్బు పంపుటకు ఎవరికి చేతులు వచ్చును? ధ్రువపత్ర మిచ్చువారు ముందుగా ఆ పేరు తలుపు తట్టి చూతురు. క్రొత్తతరపు చిరునామా యున్నచో సాధారణముగా దానినే తట్టుదురు. మా విషయములో ఆ తలుపు వేరొకరిది! పంక్తి చెరిపిన కొన్ని గంటలకు తాళము దానంతట వచ్చినది. నడుమ నొకడు ఫోను చేసి, ఆరువేల రూపాయలకు ధ్రువపత్రము తెప్పించెద ననెను. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ 2015 మొదలుకొని వీనిని ఉచితముగా నిచ్చుచున్నది. ఇండ్లు కట్టు సంస్థలు చాలవరకు అద్దెలోనే చేర్చి యిచ్చును. ఆ మాట చెప్పగా అతడే ఫోను పెట్టివేసెను.

వదినెగారికి పేరు తెలుగు లిపిలోనే యుండవలెనని కోరిక. అట్టి పేర్లును కలవు. చివర డాట్ భారత్ అని తెలుగక్షరములతోనే వ్రాయవచ్చును. వానిని యంత్రములు లోలోపల ఇంగ్లీషక్షరములలోనికి మార్చుకొనును. మాకును ముచ్చటగానే తోచినది. కాని గల్ఫులోని పిల్లల ఫోన్లలో తెలుగు మీటలు లేనివారెందరో. ముందు వ్యాపారము నిలువనిండు, ముచ్చట తరువాత తీర్చుకొందమని అంటిమి. ఆమె ఒప్పుకొనిరి గాని ముఖము మాత్రము చిన్నబుచ్చుకొనిరి.

2025 జనవరి 14వ తేదీన, సంక్రాంతినాడు, ఇందూరు కేంద్రముగా జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైనది. ఇందూరులో నలుగురు చేరినచోట నెల్ల దాని మాటయే. మా వదినెగారి యింట మాత్రము అప్పటికి నాలుగు దినములనుండి ఎవరికిని ఊపిరి సలుపలేదు. బియ్యపుపిండి, నువ్వులు, వాము కలిపిన ముద్ద గంగాళములలో. నేలపై పరచిన గుడ్డలమీద సకినాల చుట్లు. మా యన్నగారు ముక్కుకద్దములు పెట్టుకొని లేబుళ్లు అంటించుట. క్రొత్త యింటి త్రోవన వచ్చిన మొదటి ఆర్డరు షోలాపూరులోని తెలుగువారిది. రెండు కిలోల పసుపు, అయిదు కిలోల బెల్లము, సకినాలు. డబ్బు ముందే పంపిరి గాని పిన్‌కోడులో ఒక అంకె విడిచిరి. వదినెగారు తామే ఫోను చేసి అడిగి వ్రాసికొనిరి.